గెలిస్తే చేసుకుంటా

"ఇవాళ నేను గెలిస్తే నన్ను పెళ్లి చేసుకుంటావా, మావిస్?"

చేపలు పట్టే పోటీ మొదలైనట్టు ఈల ఊదడానికి ఇంకా రెండు నిమిషాలుంది. పదకొండో నంబరు బల్ల మీద కూర్చున్న సెడ్రిక్, ఆ మాట పక్కనే పన్నెండో నంబరులో ఉన్న ఆవిడకి మాత్రమే వినపడాలనుకున్నాడు. కానీ గాలి లేని ఉదయాల్లో ఆ యార్క్‌షైర్ చెరువు దగ్గర ఎవరు తుమ్మినా అవతలి గట్టుకి వినిపిస్తుంది. పోటీకి వచ్చినవాళ్లంతా గాలాలు వదిలేసి చెవులు రిక్కించారు.

మావిస్ తలెత్తలేదు. గాలానికి మొక్కజొన్న గింజ గుచ్చుకుంటోంది. "నాకు అరవై ఆరేళ్లు. నీకు వేరే పనేం లేదా?"

"నాకు అరవై తొమ్మిది. పనేముంటుంది?"

గట్టంతా ఘొల్లుమంది. మావిస్ చెంపలు ఎర్రబడ్డాయి.

"సరే. గెలిస్తే చేసుకుంటా. ఓడిపోతే మాత్రం జన్మలో మళ్లీ ఈ ఊసెత్తకూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా!" అనేశాడు సెడ్రిక్. అనేశాక గానీ అసలు సంగతి గుర్తు రాలేదు. ఏడేళ్లుగా ప్రతి ఆదివారం ఆవిడతో పోటీ పడుతున్నాడు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా గెలిచిన పాపాన పోలేదు.

ఈల మోగింది.

చెరువు నడుం లోతు కూడా ఉండదు. ఎండ కాసేసరికి బంగారుతీగ చేపలు పైపైకి వచ్చి తిరుగుతున్నాయి. ఏది చూసినా ఏడెనిమిది పౌండ్లకి తక్కువ తూగదు. మొదటి అరగంటలోనే సెడ్రిక్‌కి మూడు పడ్డాయి. వాటిని నీళ్లలో వేలాడుతున్న వలసంచిలోకి జారవిడుస్తూ, పెళ్లికి ఏ కోటు వేసుకోవాలా అని కూడా ఆలోచించేశాడు పాపం.

మధ్యాహ్నమయ్యేసరికి ఆ కోటు సంగతి మర్చిపోయాడు. తనకి ఒకటి పడేలోపు పక్కన రెండు పడుతున్నాయి.

"ఏమయ్యా పెళ్లికొడుకా, నిద్రపోతున్నావా?" ఎదురు గట్టు నుంచి ఎవరో కేకేశారు.

"నోరు ముయ్యి! చేపలు బెదురుతాయి," అని కసిరింది మావిసే. తర్వాత లేచొచ్చి ఓ కోడిగుడ్డు శాండ్‌విచ్ అతని ఒళ్లో పడేసింది. "తిను. ఖాళీ కడుపుతో ఉంటే నీకు చేతులు వణుకుతాయి."

సెడ్రిక్ ఆ శాండ్‌విచ్‌ని చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇలా కసురుతూ తిండి పెట్టే మనిషి ఎదురుగా కూర్చుని రోజూ టీ తాగితే చాలు, అతనికి ఇంకేమీ అక్కర్లేదు. సాయంత్రానికి ఆ ఆశ కూడా ఆవిరైపోతుంది. మాట ఇచ్చాడు కదా, మళ్లీ అడగడానికి లేదు. ఆఖరి నిమిషం దాకా పళ్లు బిగించి చేపలు పడుతూనే ఉన్నాడు. ముగింపు ఈల మోగాక మాత్రం ఆవిడ వైపు చూడలేకపోయాడు.

పోటీ నడిపే డగ్గీ తూకం కాటా మోసుకొచ్చాడు. మిగతావాళ్లవి అయ్యాక సెడ్రిక్ సంచులు తూచాడు. నలభై ఆరు, నలభై ఎనిమిది, తొమ్మిది. మొత్తం నూట మూడు పౌండ్లు. అప్పటిదాకా ఎవరూ డెబ్బై దాటలేదు.

మావిస్ మొదటి సంచి లేపడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

"ఎనభై నాలుగు!" అరిచాడు డగ్గీ. చేపల్ని నీళ్లలోకి వదిలేసి రెండో సంచి తగిలించాడు. "నలభై ఒకటి!"

అందరూ చప్పట్లు కొట్టారు. సెడ్రిక్ కూడా కొట్టాడు. ఇంతలో డగ్గీ బుర్ర గోక్కున్నాడు.

"ఇదేంటమ్మా మావిస్? ఒక్కో సంచికి యాభైయే కదా లెక్క! ఆ పైన ఎంతున్నా లెక్కలోంచి కొట్టేస్తామని నీక్కూడా చెప్పాలా? ఇరుకైతే చేపలకి ఊపిరాడదనే కదా మనిషికి మూడు సంచులిస్తాం? నీ మూడోది తడవను కూడా లేదు!"

"మర్చిపోయానయ్యా. వయసు మీద పడుతోంది."

"అయితే యాభైకి నలభై ఒకటి కలిపితే తొంభై ఒకటి. సెడ్రిక్‌ది నూట మూడు. ఓరి దేవుడా, సెడ్రిక్ గెలిచాడర్రా!"

గట్టు దద్దరిల్లింది. టోపీలు గాల్లోకి లేచాయి. సెడ్రిక్ ముఖంలో మాత్రం నవ్వు లేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని మావిస్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇది గెలుపు కాదు మావిస్. ఎక్కువ చేపలు పట్టింది నువ్వే. ఏదో పరధ్యానంలో నువ్వు పొరపాటు చేస్తే, దాన్ని అడ్డం పెట్టుకుని నిన్ను పెళ్లాడేంత నీచుణ్ణి కాను. నీ మాట నీకు వెనక్కిచ్చేస్తున్నా. ఇక ఈ ఊసెత్తను." గబగబా వెనక్కి తిరిగి తన పెట్టె భుజాన వేసుకున్నాడు.

చేపల వాసన కొట్టే తడి తువ్వాలు ఒకటి వచ్చి అతని వీపుకి తగిలింది.

"ఆగు, మొద్దూ!" మావిస్ అరిచింది. "ఖాళీ సంచి పక్కనే పెట్టుకుని, ముప్ఫై నాలుగు పౌండ్ల చేపల్ని నిండిపోయిన సంచిలోనే కుక్కుతూ, ఒక్కోదానికీ క్షమించమని చెప్పుకుంటూ సాయంత్రం దాకా నేను పడ్డ అవస్థ నీ కళ్లకి పొరపాటులా కనపడిందా?"