ఆఖరి స్తంభం

స్తంభం కోసం తవ్విన గుంటలో దిగి నిలబడిపోయాడు ఆయన.

“పాతితే నన్నూ కలిపి పాతెయ్యండి. నా చేలో స్తంభం లేవడానికి వీల్లేదు.”

ఇంటర్నెట్ కేబుల్ వేసే అతను గునపం పక్కన పడేసి అక్క మొహంలోకి చూశాడు. వీధిలో బట్టలు కుట్టే ఆవిణ్ని అందరూ అక్కా అనే పిలుస్తారు. గుప్పెడు ఇళ్ళ కోసం కొండ చుట్టూ కేబుల్ లాగలేమని కంపెనీ వాళ్ళు తిప్పి పంపినప్పుడల్లా మళ్ళీ వెళ్ళి వాళ్ళ గుమ్మంలో కూర్చున్నది ఆవిడే. తీరా కేబుల్ ఇక్కడిదాకా వచ్చింది. ఈ చేను దాటితే చెల్లెలి ఇల్లు. అడ్డం పడ్డవాడేమో పరాయివాడు కాదు, చెల్లెలి భర్తకు స్వయానా అన్న.

“బావగారూ, మీ తమ్ముడి కోసమే కదండీ ఇదంతా! ఊరు కాని ఊళ్ళో ఫ్యాక్టరీలో పడి ఉన్నాడు. కూతురు పుడితే మొహమైనా చూసుకోలేదు.”

“ఫోన్ ఉందిగా.”

అక్కకు ఒళ్ళు మండింది. “ఎవరికండీ ఫోను? వినపడని మీ తమ్ముడికా, వినపడని మా చెల్లికా? వాళ్ళ మాటలన్నీ చేతుల్తోనే అని మీకు తెలీదూ? ఈ కొండ చాటు సిగ్నలుకి రాని వీడియో వస్తేనే కదా వాళ్ళు మాట్లాడుకునేది!”

ఆయన తల తిప్పుకున్నాడు. “బాగానే ఉన్నానని మెసేజీలు వస్తున్నాయి కదమ్మా.”

“దానికి చదువు రాదాయె. అవి నేను చదివి సైగ చేసి చెప్పాలి. మొగుడూ పెళ్ళాల ముచ్చట్లకి మధ్యలో నేనేమిటండీ, సిగ్గు లేకపోతే సరి!”

కేబులతను నవ్వు ఆపుకున్నాడు. ఆయన మాత్రం నవ్వలేదు.

“పచ్చి బాలింతరాలు. కొన్నాళ్ళు ఆగండమ్మా. ఆగితే కొంపలేం మునిగిపోవు.”

“మొగుణ్ని చూసుకోడానికి బాలింతతనం అడ్డమా? అసలు మీకు గుండె ఉందా?”

ఆయన గుంటలోంచి కదల్లేదు.

అక్క ఊరుకునే మనిషి కాదు. కేబులతన్ని వెంటబెట్టుకుని గడప గడపా ఎక్కింది. ఒకరి డాబా పిట్టగోడ, ఇంకొకరి నీళ్ళ ట్యాంకు, మరొకరి పెరట్లో బట్టలారేసే గుంజ... అందరూ తలా ఒక చోటు ఇచ్చారు. చేను మొహం చూడకుండా కేబుల్ ఊరంతా చుట్టి చెల్లెలి కిటికీలోంచి లోపలికి దిగింది.

“ఆయన మీద పంతానికి నా చేత ఊరు చుట్టబెట్టించావు కదక్కా!” అంటూ కేబులతను గోడకి పెట్టె బిగించాడు. అందులో పచ్చ లైటు వెలిగింది.

అక్క మొహం చూసే చెల్లెలికి సంగతి తెలిసిపోయింది. గబగబా తల దువ్వుకుని, పసిదానికి కొత్త గౌను తొడిగింది. ఆ పిల్లకింకా పేరు లేదు. పేరంటే వాళ్ళిద్దరికీ నోటితో పిలిచేది కాదు, చేత్తో చూపించేది. అది తండ్రే చూపించాలని పట్టుబట్టి కూర్చుంది చెల్లెలు.

ఫోను తెర నిండా అతని మొహం వచ్చింది. చిక్కిపోయాడు. గడ్డం మాసి ఉంది. చెల్లెలు పిల్లని ఎత్తి చూపించింది. అతని కళ్ళు అలాగే ఆగిపోయాయి, నీళ్ళు జారాయి. పిల్లని అక్క ఒళ్ళో పెట్టి చెల్లెలు చేతులు ఆడించడం మొదలుపెట్టింది. నెలల తరబడి దాచుకున్నదంతా ఒక్కసారి కుమ్మరిస్తున్నట్టు ఆ వేళ్ళకి ఊపిరి ఆడటం లేదు. అతను తలూపుతున్నాడు, ఏడుస్తున్నాడు, మళ్ళీ తలూపుతున్నాడు. అంతే.

‘కాస్త వెనక్కి జరుగు,’ అని సైగ చేసింది చెల్లెలు. ‘పాప పేరు చెప్పు.’

అతను అడ్డంగా తలూపాడు. చెల్లెలు మళ్ళీ అడిగింది. చివరికి విసుగ్గా అక్క భుజం తట్టి ఏదో చూపించింది.

“నెట్ సరిగ్గా లేదంటోందయ్యా,” అంది అక్క, కేబులతనితో. “మొహం ఒక్కటే వస్తోందిట, చేతులు రావటం లేదట. కాస్త బాగుచెయ్యి.”

కేబులతను పెట్టె చూశాడు, ఫోను చూశాడు. “అద్దంలా వస్తోందక్కా! ఇంతకన్నా ఏం చెయ్యను?”

గుమ్మంలో ఎవరో రొప్పుతున్న చప్పుడు. చేలకు అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడు ఆయన. కాళ్ళ నిండా మట్టి.

“వచ్చారా బావగారూ?” అక్క కస్సుమంది. “ఇంకా ఏం అడ్డం పెడదామని?”

ఆయన లోపలికి రాలేదు. మరదలి వైపు చూసే ధైర్యం లేక, ద్వారబంధం పట్టుకుని కిందికి జారిపోయాడు.

“నెట్‌లో లోపమేం లేదమ్మా. ఆ మెసేజీలు వాడి తోటివాళ్ళు పెట్టినవి. మిషన్లో పడి వాడి రెండు చేతులూ పోయాయి.”