బాలశౌరి పాస్ చేసిన మార్జిపాన్

"రిజెక్ట్!"

త్రేసమ్మ అప్పుడే నూనెలోంచి తీసిన గులాబీ పువ్వును కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని తీర్పు చెప్పాడు బాలశౌరి. ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్ నుంచి రిటైరై ఎనిమిది నెలలైంది. అక్కడ రేకుల మీద వేసే మాటని ఇప్పుడు ఇంట్లో పిండివంటల మీద వేస్తున్నాడు.

"ఏటయ్యింది దానికి?" అంది భార్య.

"ఓ పక్క రెండు మిల్లీమీటర్లు, ఇంకో పక్క మూడు. ఇలాంటిదాన్ని చర్చి స్టాల్లో పెడతావా? ఇరవయ్యేళ్ళుగా జనం మొహమాటానికి కొంటన్నారు గానీ..."

"ఇరవయ్యేళ్ళూ మధ్యాన్నానికే బుట్ట కాళీ అయిపోయీది."

"క్వాంటిటీ వేరు, క్వాలిటీ వేరు. ఫాదర్‌గారికి ఫోన్ సేసి సెప్పేసినాను. ఈ క్రిస్మస్‌కి మిఠాయిల ఇన్‌ఛార్జిని నానే. మార్జిపాన్ సేత్తన్నాను."

త్రేసమ్మ స్టవ్ కట్టేసింది. ఆ స్టాల్ దగ్గర నిలబడే ఒక్క రోజు కోసం ఆవిడ ఏడాదంతా ఎదురుచూస్తుంది. వాళ్ళుండే బారిడీహ్ పేటలో సగం మందికి ఆవిడ పేరు తెలియదు, ఆవిడ గులాబీ పువ్వులు తెలుసు.

"నన్నో మాట అడగలేదేటి?"

"ఇన్‌స్పెక్టరు వెల్డర్ని అడుగుతాడేటి?" అన్నాడు బాలశౌరి.

మార్జిపాన్ అంటే బ్రహ్మాండమేమీ కాదు. బాదంపప్పు తొక్క తీసి, పంచదారతో కలిపి మెత్తగా రుబ్బి, ఆ ముద్దతో చిన్న చిన్న పండ్లు చేసి రంగులు వేస్తారు. బాలశౌరి ఫోన్లో పదకొండు వీడియోలు చూసి, ఓ నోటుబుక్కు కొని, మొదటి పేజీలో 'లాట్ నంబర్ ఒకటి' అని రాసుకున్నాడు. బాదంపప్పుల్ని గ్రాముల్లో తూచాడు. వేణ్ణీళ్ళలో థర్మామీటరు ముంచాడు. భార్యని వంటింటి గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు, శాంపిల్ పాడవుతుందట. రెండు రోజుల తర్వాత తలుపు తెరుచుకుంటే పళ్ళెం నిండా మామిడిపళ్ళూ జామపళ్ళూ, సింకు నిండా అంట్లు. పండ్లు తనవని ఆయన చెప్పాడు. అంట్లు ఎవరివో చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆదివారం పూజ అయ్యాక ఫాదర్‌గారు వచ్చారు. ఆయనకి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే హిందీయే. పక్కింటి కల్యాణి కూడా వచ్చి కూర్చుంది. బాలశౌరి నోటుబుక్కు తీసి గ్రాములూ డిగ్రీలూ చదివి వినిపించాడు. ఫాదర్‌గారు ఆవులింత ఆపుకుని, "లేకిన్ త్రేసమ్మ జీ నే కుఛ్ నహీ బనాయా?" అని, ఆవిడేమీ చెయ్యలేదా అన్నట్టు అడిగారు.

"ఉంది ఫాదర్. కల్యాణి ఇంట్లో పెట్టినాను," అంది త్రేసమ్మ.

బాలశౌరి పడీపడీ నవ్వాడు. "ఇదీ మార్జిపాన్ సేసిందట! సరే, రెండూ తెండి. నా కళ్ళకి గుడ్డ కట్టండి. ఏది ఎవరిదో నాలికతో సెప్పేత్తాను. సెప్పలేకపోతే స్టాలు దానికే ఇచ్చీండి."

"పక్కా?" అన్నారు ఫాదర్‌గారు, కుర్చీ ముందుకి జరుపుకుంటూ.

"ముప్పై నాలుగేళ్ళ సర్వీసు ఫాదర్. ఒక్క రేకు తప్పు సెప్పలేదు."

కల్యాణి ఆయన మఫ్లరే తీసి ఆయన కళ్ళకి బిగించి కట్టింది. తన ఇంట్లోదీ ఇక్కడిదీ, గుడ్డలు కప్పిన రెండు పళ్ళేలు తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదటి దాంట్లోంచి చిన్న ముక్క తీసి ఆయన నోట్లో పెట్టింది.

బాలశౌరి మెల్లగా నమిలాడు. మొహం వెలిగిపోయింది.

"అబ్బా! ఎన్నపూసలాగుంది. తీపి ఎంతుండాలో అంతే ఉంది. సూసేరా ఫాదర్, కొలతంటే ఇదీ. ఇది నాది. పాస్!"

కల్యాణి రెండో పళ్ళెంలోంచి ఇంకో ముక్క పెట్టింది. రెండుసార్లు నమిలేసరికి బాలశౌరి మూతి వంకరపోయింది. మిగిలింది రుమాల్లో ఉమ్మేశాడు.

"ఛీ! ఇసక నమిలినట్టుంది. పప్పు పచ్చివాసన కొడతంది. పంచదార నలగలేదు, ముద్ద కలవలేదు. దీన్ని సేసినోళ్ళకి పొయ్యి దగ్గర నిలబడే అర్హత నేదు ఫాదర్. ఇది మా ఆవిడిదే. రిజెక్ట్!"

"థోడా తో సోచియే, బాలశౌరి జీ," అని కాస్త ఆలోచించమన్నారు ఫాదర్‌గారు.

"సోచ్‌నా క్యా హై? రాసిత్తాను, ఉండండి."

మఫ్లరు లాగేసి, నోటుబుక్కులోంచి కాగితం చింపి, 'తినడానికి పనికిరాదు' అని రాసి, కింద సంతకం పెట్టి తారీఖు వేశాడు. రెండో పళ్ళెం మీది గుడ్డకి పిన్నుతో ఆ కాగితం గుచ్చాడు. త్రేసమ్మ దాన్ని వంగి చూసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయేమోనని ఫాదర్‌గారు తల పక్కకి తిప్పుకున్నారు.

"ఏటే, నోరు పెగల్డం లేదు? రెండూ సరిగ్గా సెప్పినానా, లేదా?" అన్నాడు బాలశౌరి, మీసం దువ్వుకుంటూ.

"మీరు సంతకం పెట్టి రిజెక్ట్ సేసింది మీ సరుకే," అంది త్రేసమ్మ, "పాస్ సేసింది గోల్‌మురి బజార్లో కొన్న కాజూ బర్ఫీ, నానసలు మార్జిపాన్ సెయ్యనేలేదు."