మొక్కు పేరు

మనీషాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: నలుగురిలో ఎవరైనా తన కొడుకును పేరుపెట్టి పిలుస్తారేమోనని. రెండు కాన్పులు పోయాక దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని భర్త బాల్‌రాజే ముచ్చటపడి జహంగీర్ అని పెట్టాడు. ఈమధ్య ఆయన కూడా "చిన్నోడా" అంటున్నాడు తప్ప ఆ పేరు నోటికి రానివ్వడం లేదు.

ఆ భయమే పెద్దేముల్ దాటగానే ఆటోకు అడ్డం నిలబడింది. పదిమంది మగవాళ్లు. చేతుల్లో కట్టెలు, మొహాలకు కర్చీఫ్‌లు. పొద్దున తాండూరు చౌరస్తాలో రెండు మతాల జెండాల దగ్గర మొదలైన కొట్లాట ఇంతదూరం వచ్చిందని ఆటోలో ఎవరికీ తెలియదు.

"రోడ్డు అందరిది కదన్నా, జర పోనియ్యుండ్రి," అన్నాడు డ్రైవర్ వెంకటేశం.

కట్టె మూతిమీద పడింది. నెత్తురుతో పాటు పన్ను ఊడి ఒళ్లో రాలింది.

"అందరిదంట. ఇగ చెప్పు, ఎవలెవలిని ఎక్కించుకున్నవ్?"

మనీషా ఆటో వెనక కూర్చోడానికి వేసిన పలకమీద జనం మధ్య ఇరుక్కుని ఉంది. బాల్‌రాజ్ పనికని పొద్దున్నే వెళ్లిపోతే, జ్వరంతో కాలిపోతున్న కొడుకును తానే తాండూరు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తోంది. పిల్లవాడు కాళ్లు చాపుకుంటాడని మధ్య సీట్లో కూర్చున్న జుబేదా ఒళ్లో పడుకోబెట్టింది. జుబేదాది వాళ్ల వాడకట్టే. కట్టెలు చూడగానే ఆమె వాణ్ణి బురఖా కిందికి లాక్కుంది.

"దాగుడుమూతలు ఆడుదాం బేటా. సప్పుడు చెయ్యకు."

అద్దం భళ్లున పగిలింది. ఒకడు లోపలికి వంగాడు.

"ఏం దాస్తున్నవే బురఖాల?"

"పిలగాడు భయ్యా. పాణం బాగలేదు."

"పేరేంది?"

నా కొడుకు అని అరవాలనుకుంది మనీషా. ముందున్నవాళ్ల వెనక తల దించుకుంది. ఏ పేరు చెప్పాలో జుబేదా తేల్చుకునేలోపే బురఖా లోపలినుంచి సన్నటి గొంతు చెప్పేసింది.

"జహంగీర్."

వంగినవాడు వెనక్కి తిరిగాడు. "జహంగీరంట. ఎయ్యిరా ఒకటి."

అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని మనిషి ముందుకొచ్చి, రెండు చేతులా కట్టె ఎత్తాడు. జుబేదా చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు వెనక పలకదాకా వినిపించింది. కట్టె మళ్లీ లేచింది. ఆమె చెయ్యి మాత్రం లేవలేదు. బురఖా పక్కకు జారింది.

పిల్లవాడు తల బయటపెట్టి, కర్చీఫ్ పైనున్న కళ్లలోకి చూశాడు. ఆ జ్వరంలోనే కిలకిలా నవ్వాడు.

"నాయినా, దొరికినవ్."

జుబేదా తాండూరు దవాఖానలో ఉంది. అటు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే జర ఆమెను చూసి రండి. మనీషాకు మొహం చెల్లడం లేదు.