గేటుకు కట్టిన ఫొటో

మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లల ఫొటోలతో హైస్కూలు గేటుకు మొన్న పెద్ద బ్యానరు కట్టారు. కుట్టుషాపులో ఎవరో ఆ మాట చెప్పగానే, వాళ్ళలో ఒకమ్మాయి తల్లి చేతిలో పని అక్కడే వదిలేసి హెడ్మాస్టరు గదికి పరుగెత్తుకొచ్చింది.

"మా అమ్మాయి ఫొటో తీయించెయ్యండి సార్."

హెడ్మాస్టరు నవ్వాడు. "దిష్టి తగులుతుందనా తల్లీ? అంత మంచి పేరు తెచ్చిన పిల్లని గేటుకు కట్టుకోక బీరువాలో దాచుకుంటామా?"

"దిష్టి కాదు సార్. వాళ్ళ నాన్న కంట పడకూడదు. ఇద్దర్నీ చంపేస్తానంటే ప్రాణాలు అరచేత పెట్టుకుని వచ్చేశాం. ఇక్కడ తలదాచుకున్నామని అతనికి తెలీదు."

హెడ్మాస్టరు ముఖంలో నవ్వు పోయింది.

"పొద్దున సన్మానానికి వచ్చాడమ్మా," అన్నాడు మెల్లగా. "బ్యానరు ఫొటో ఎవరో ఫోన్లో పంపారట. పిల్ల తండ్రినని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అమ్మకి పనుంది, రాలేదని అమ్మాయి ముందే చెప్పింది. పోనీలే, నాన్నయినా వచ్చాడని సంబరపడి, మెడల్ ఆయన చేతే వేయించాం."

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది.

"పిల్ల ఒకటే వణికింది. సంతోషం పట్టలేకపోతోందనుకుని మేమంతా ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టాం."

"ఇప్పుడెక్కడుంది సార్?"

"స్కాలర్‌షిప్ పిల్లలకు ఈ పూట సెలవిచ్చామమ్మా. ఆయన వెంటబెట్టుకుని వెళ్ళాడు."