ఔనంటే రెప్ప వాల్చు

“ఔనంటే రెప్ప వాల్చు, కాదంటే వద్దు. గీడ చిల్లు కొట్టాల్నా?” జములమ్మ జకార్డు అట్టను భర్త కళ్ల ముందు పట్టుకుంది.

అట్టకు చిల్లున్న చోట జకార్డు అనే ఆ కొత్తరకం మగ్గం పోగును లేపుతుంది, లేనిచోట వదిలేస్తుంది. గద్వాల చీర కొంగు సగంలో ఉండగా కురుమూర్తికి పక్షవాతం వచ్చింది. నెల రోజులుగా మాటా కదలికా లేవు. తెలివి కూడా పోయిందన్నాడు వైద్యుడు. మిగిలిన నమూనా అతని తలలోనే ఉండిపోయింది. యుద్ధకాలం, ఇంట్లో జొన్నలు నిండుకున్నాయి. ఏ దారీ తోచక అడిగిందామె.

రెప్ప వాలింది.

నమ్మలేక, అతను ముందే కొట్టిన అట్ట తెచ్చి, అతనికి చూపకుండా, ఏ చోట చిల్లుందో వరసగా అడిగింది. ఒక్కటీ తప్పలేదు.

“నీకు తెలివున్నదయ్యా!” అని కేకేసి, అంతలోనే ఆమె బిగుసుకుపోయింది. “అయితే... నెల దినాల సంది నేనన్నదంత ఇన్నవా?”

రెప్ప వాలింది.

‘ఈ మనిషిని జల్ది తీస్కపో జోగులమ్మ తల్లీ’ అని ఆ మంచం పక్కనే రోజూ మొక్కిందామె.

“నా మీద కోపమొచ్చిందా?”

రెప్ప వాలలేదు. కళ్లల్లో నీళ్లు నిండి కారుతున్నా, వాల్చలేదు.