నలభై నిమిషాలు

మధ్యాహ్నం పన్నెండున్నరకి ఉరుముల మబ్బొకటి ఎయిర్‌పోర్టు నెత్తిమీదికొచ్చి కూర్చుంది. రాడార్ గదిలో ఎవరికీ టీ తాగే తీరిక కూడా లేదు. పైన తొమ్మిది విమానాలు తిరుగుతున్నాయి, దిగడానికి మబ్బుల మధ్య ఉన్నది ఒకటే సందు.

ఏడో విమానంలో, వాటిని వరసగా దింపుతున్న కంట్రోలర్ భార్య ఉంది. మూడింటికల్లా ఆవిడ ఊళ్లో ఉండి తీరాలి, కూతురి కోసం. అమ్మ తప్పకుండా వస్తుందని ఆ పిల్ల పొద్దున్నించీ కాలు నిలవకుండా తిరుగుతోంది.

సంగతి తెలిసిన సూపర్‌వైజర్, మనసు కుదురుగా ఉండదేమోనని, సీటు ఇంకొకరికిచ్చి లేవమన్నాడు. నాకన్నీ ఒకటే సార్ అని కంట్రోలర్ కదల్లేదు.

ఆరు దిగాయి. సందు మూసుకుపోయింది. ఎంతసేపు ఆగాలని ఏడో విమానం పైలట్ అడిగాడు. ఇలాంటప్పుడు పైలట్‌కి కంట్రోలర్ చెప్పిన అంకే ఆధారం. దాన్నిబట్టే ఇంధనం చూసుకుని ఆగడమో, వేరే ఊరికి పోవడమో తేల్చుకుంటాడు.

కంట్రోలర్ తెర వంక చూశాడు.

"నలభై నిమిషాలు."

ముప్పై నిమిషాలకే ఇంధనముందని పైలట్ ముందే చెప్పాడు. చేసేదేముంది, విమానం పక్క ఊరికి మళ్లింది.

పది నిమిషాలకే మబ్బు విడిపోయింది. ఇంధనం ఎక్కువుండి ఆగిన వెనక రెండు విమానాలూ నిక్షేపంలా దిగాయి.

కంట్రోలర్‌కి తల కొట్టేసినట్టయింది. హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టాడు గానీ, తలెత్తి ఒక్కరి మొహమూ చూడలేకపోయాడు.

"మబ్బు సంగతి ఎవరికి తెలుస్తుంది తమ్ముడూ" అని పక్క సీటు ఆవిడ ఓదార్చింది. సూపర్‌వైజరైతే అందర్నీ పిలిచి మరీ, సొంత పెళ్లాం ఉన్నా వరస తప్పని మనిషంటే ఇతనేనని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు వింటుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"నువ్వన్నా వెళ్లవయ్యా. పాప కోసం ఒక్కరన్నా ఉండాలి కదా" అని సెలవిచ్చి పంపాడాయన.

మెట్లు దిగుతుంటే భార్య మెసేజ్ వచ్చింది. వేరే ఊళ్లో దింపేశారట, ఫోన్లో చార్జింగ్ అయిపోవస్తోందట. "వాన వల్లే రాలేకపోయానని నువ్వే చెప్పు" అని రాసింది. నాలుగుసార్లు చదివాడు. జవాబివ్వడానికి మొహం చెల్లలేదు.

మూడింటికి, పాప ఇద్దరిలో ఎవరి దగ్గర పెరగాలో తేల్చే ఆఖరి వాయిదాలో, మీ భార్య ఎందుకు రాలేదని జడ్జిగారు అడిగితే, "నాకు తెలియదండీ" అన్నాడు.