చప్పుడు రాని బొరియ

ఓ గడ్డిబీడులో కుందేళ్ళ బొరియలన్నిటికీ ఒక తీతువు పిట్ట కాపలా అండీ. అది కూయగానే ప్రతి బొరియలోంచీ కుందేళ్ళు కాలితో నేలమీద కొట్టాలి. అంటే బాగున్నామని.

ఒకరోజు ముసలి కుందేలు విసుక్కుంది. "ఏమే, గంటగంటకీ ఈ గోలేంటే? పద్ధతి మార్చు. ఇకనుంచి పామొస్తేనే కొడతాం."

తీతువు సరేనంది. మధ్యాహ్నం దాకా ఒక్క చప్పుడూ లేదు.

"చూశావా, ఎంత హాయిగా ఉందో!" అంది ముసలిది.

తీతువు చివరి బొరియ వైపు తిరిగింది. "మామ్మా, చివరి బొరియలో నీ కూతురూ పసిపిల్లలూ ఉన్నారు కదా. నిజంగా హాయిగా ఉన్నారో, కొట్టడానికి కాలే కదలట్లేదో, నాకెలా తెలుస్తుంది?"

ముసలిది ఒక్క పరుగున వెళ్ళి ఆ బొరియ ముందు నేలమీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. చెవి నేలకి ఆనించి, ఇంకా వింటూనే ఉంది.